మనవాడే కదా అనుకుంటే

రైల్వే క్వార్టరుతో ఒక సుఖం ఉంది. దాన్ని అమ్మే బాధ ఉండదు. సర్వీసు ఉన్నన్నాళ్లు కాపురం చేయటం, రిటైరయ్యాక గడువులోగా తాళంచెవి అప్పజెప్పి బయటపడటం, అంతే. ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలకు తలనొప్పంతా ఆ తర్వాత సొంతంగా కట్టుకున్న ఇంటితోనే. ప్రావిడెంట్ ఫండూ గ్రాట్యుటీ కలిపి మలంచాలోనో, తాల్‌బాగీచాలోనో, ఝాపేటాపూర్‌లోనో, ఇందాలోనో రెండు మూడు కాఠాల స్థలం కొని, ముందు రెండు గదులు, కొడుకు పెళ్లికి మేడ మీద మరో గది వేసుకున్న ఇల్లది. ఆ కొడుకు ఇప్పుడు విశాఖపట్నంలోనో బెంగళూరులోనో ఉంటాడు. కూతురు హైదరాబాద్‌లో. మేడమెట్లు ఎక్కలేని వయసు వచ్చి, పెద్దవాళ్లు ఇక పిల్లల దగ్గరికి పోదామనుకున్న రోజున ఇంట్లో ముందుగా లేచే ప్రశ్న ధర గురించి కాదు. ఎవరికి చెబుదాం అని.

చాలా ఇళ్లలో జవాబు సిద్ధంగానే ఉంటుంది: ‘మనవాడు ఒకడున్నాడు.’

మనవాడంటే తెలుగువాడు. శ్రీకాకుళం జిల్లాలో మన పక్క ఊరివాడు, లేదా వర్క్‌షాపులో నాన్నతో కలిసి పనిచేసినాయన అబ్బాయి. పొద్దున చిన్న వ్యాపారం, సాయంత్రం స్థలాల బేరాలు. గుడి దగ్గర కనబడి ‘బాబాయ్, మీ ఇల్లంటే నా ఇల్లే కదా’ అంటాడు. అతను మంచివాడే కావచ్చు. కానీ ఇల్లు అమ్మిపెట్టటానికి అతనికున్న అర్హత ఏమిటని ఎవరూ అడగరు. కూతురి సంబంధం కోసం నాలుగు ఊళ్లలో ఆరా తీసిన ఇంటి పెద్దే, జీవితకాలపు పొదుపంతా ఇటుకల్లో పెట్టిన ఇంటిని ఒక్క మాట మీద ఒకరి చేతికి ఇచ్చేస్తాడు.

ఈ నమ్మకానికి మూలం ఊరి చరిత్రలోనే ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్, వర్క్‌షాపు కట్టింది. 1902లో ఈస్ట్ కోస్ట్ లైన్ ఉత్తర భాగం కూడా ఆ కంపెనీ చేతికే రావటంతో ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఖరగ్‌పూర్‌కు పనికోసం రావటం ఒకే రైలు, ఒకే యజమాని వ్యవహారమైపోయింది. తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి కార్మిక నాయకుడిగా పేరు తెచ్చుకున్నది ఈ బీఎన్‌ఆర్ కార్మికుల మధ్యనే. వాల్తేరు డివిజన్ 2003 ఏప్రిల్ 1 దాకా ఆగ్నేయ రైల్వేలోనే ఉంది కాబట్టి అటూ ఇటూ బదిలీలు మామూలు. పరాయి రాష్ట్రంలో తెలుగు బడి, తెలుగు గుడి, తెలుగు పెళ్లిళ్లు అన్నీ ‘మనవాళ్ల’ చలవే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం అధికార భాషల్లో తెలుగుకు చోటిచ్చింది కూడా.

అయితే హోదా వేరు, ఇంటి కాగితం వేరు. భూమి రికార్డు ఇప్పటికీ బెంగాలీలోనే ఉంటుంది. బజారులో బెంగాలీ గలగలా మాట్లాడే తెలుగువాళ్లలో దాన్ని కూడబలుక్కుని చదవలేనివారు తక్కువేం కాదు. అందుకే కాగితం చదివిపెట్టే మనవాడు అవసరమవుతాడు. చిక్కు అక్కడే మొదలవుతుంది. కాగితం చదివేదీ అతనే, ధర చెప్పేదీ అతనే, కొనేవాడిని తెచ్చేదీ అతనే. ఎదురు ప్రశ్న వేసే నోరు ఇంకొకటి ఉండదు.

అసలు దళారికి, ఇల్లమ్మేవాడికి లాభం ఒకటే అన్నది సగం నిజం. ఇల్లు ఎక్కువకు పోతే ఇద్దరికీ లాభమే. కానీ ఎంత లాభం? 40 లక్షల ఇల్లు అనుకుందాం. అమ్మేవారి దగ్గర 1 శాతం, కొనేవారి దగ్గర 1 శాతం తీసుకుంటే దళారికి 80 వేలు. బేరం 37 లక్షలకే తెగిందనుకుంటే అతనికి వచ్చేది 74 వేలు. ఇంటివారికి పోయింది 3 లక్షలు, అతనికి పోయింది 6 వేలు. ఆ 6 వేల కోసం ఇంకో రెండు నెలలు తిరిగే ఓపిక ఎవరికుంటుంది? ‘బాబాయ్, బజారు బాగోలేదు, ఇచ్చెయ్యండి’ అనటంలో అతని దుర్మార్గమేమీ లేదు. అతని లెక్క అతనిది.

అమెరికాలో ఈ లెక్కను ఇద్దరు ఆర్థికవేత్తలు కొలిచి చూశారు. స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ చికాగో పరిసరాల్లో దాదాపు లక్ష ఇళ్ల అమ్మకాలను పరిశీలించి 2008లో ఒక పత్రం ప్రచురించారు. ఏజెంట్లు తమ సొంత ఇళ్లు అమ్ముకున్నప్పుడు వాటిని సగటున తొమ్మిదిన్నర రోజులు ఎక్కువ ఆపారు, దాదాపు 3.7 శాతం ఎక్కువ ధర రాబట్టారు. ఇతరుల ఇళ్లకు మాత్రం ‘ఇచ్చెయ్యండి’ అనే సలహా. 40 లక్షల ఇంటి మీద 3.7 శాతమంటే దాదాపు లక్షన్నర. ఖరగ్‌పూర్‌లో ఎవరూ ఇలాంటి లెక్క తీయలేదేమో కానీ మనిషి స్వభావం చికాగోలో ఒకటి, ఖరీదాలో ఒకటి ఉండదు. (ఖరీదా ఇక్కడి ఒక పేట. తెలుగు చెవికి అక్కడ ఎప్పుడూ ఎవరో ధర అడుగుతున్నట్టే ఉంటుంది.)

ఇక ధర చెప్పటంలో దళారులు మూడు రకాలు. మొదటివాడు ఆశ పెడతాడు. పక్కింటికి 35 వస్తే దీనికి 50 తెస్తానంటాడు. బేరం తన చేతికొచ్చాక నెలకో లక్ష చొప్పున కిందికి దించుతాడు. రెండోవాడు మొదటి రోజే గోడ పగుళ్లు, సందు వెడల్పు, మేడమీద గది ప్లాను చూపించి బెదరగొడతాడు. మూడోవాడు అన్నిటికంటే తియ్యగా మాట్లాడతాడు. ‘కమిషన్ గిమిషన్ ఏమీ వద్దు. మీ చేతికి 38 కావాలి, అంతే కదా? పైన ఎంతొచ్చినా నాది.’ వినటానికి హాయిగా ఉంటుంది. నిజానికి ఆ క్షణం నుంచి అతను ఏజెంటు కాదు, అసలు ధర దాచిపెట్టే వ్యాపారి. కొనేవాడు ఎంత ఇచ్చాడో ఇంటివారికి తెలియకూడదు, ఇంటివారు ఎంతకు ఒప్పుకున్నారో కొనేవాడికి తెలియకూడదు. ఇద్దరినీ ఒక గదిలో కూర్చోనివ్వకపోవటమే అతని వృత్తి. ఈ మూడోవాడిని గుమ్మంలోంచే పంపించెయ్యటం మంచిది.

చట్టం ఈ మోసాన్ని ఎప్పుడో ఊహించింది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 215వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉంది. ఎస్టేటు అమ్మిపెట్టమని ఒకాయన ఏజెంటుకు చెబుతాడు. చూడటానికి వెళ్లిన ఏజెంటుకు అందులో గని కనబడుతుంది. యజమానికి ఆ సంగతి తెలియదు. ఏజెంటు గని ఊసెత్తకుండా, ఎస్టేటు నేనే కొనుక్కుంటానంటాడు. నిజం బయటపడ్డాక ఆ అమ్మకాన్ని రద్దు చేయాలా, ఉంచాలా అన్నది యజమాని ఇష్టమని చట్టం చెబుతుంది. తాల్‌బాగీచా పెరట్లో గని ఉండదు. కానీ పక్క స్థలం కొన్నవాడికి దారి కోసం ఈ స్థలమే కావలసి రావచ్చు. రెండు స్థలాలు కలిపి అపార్టుమెంటు వేద్దామని ఒక బిల్డరు అడుగుతూ ఉండవచ్చు. ఊళ్లో ఇల్లమ్మేవారికి గని అంటే అదే. దళారికి ముందే తెలిసి, తన బావమరిది పేరు మీద ఇల్లు రాయించుకుంటే కోర్టుకు వెళ్లే హక్కు ఉంది. కానీ విశాఖలో మనవళ్లను ఆడించుకుంటూ మేదినీపూర్ కోర్టులో దావా నడపటం ఎవరి వల్ల అవుతుంది? కాబట్టి హక్కు సంగతి అలా ఉంచి, ముందే మనిషిని చూసుకోవాలి.

ఎలా చూసుకోవాలి? ఇంటికి వచ్చిన దళారి మొదటి అరగంటలో ఏం అడిగాడో గమనిస్తే సగం తెలిసిపోతుంది. గదులు చూసి, గచ్చు చూసి వెంటనే ధర చెప్పేవాడికి బేరం మీదే ధ్యాస. దస్తావేజు చూపించండి, పర్చా చూపించండి, పన్ను రసీదు ఎవరి పేరున ఉంది అని అడిగినవాడికి పని తెలుసు. బెంగాల్‌లో పర్చా అంటే భూమి హక్కుల నకలు, మన అడంగల్‌కు దగ్గరి చుట్టం. అందులో మౌజా, ఖతియాన్ నంబరు, దాగ్ నంబరు ఉంటాయి. దాగ్ అంటే సర్వే నంబరు లాంటిదే. భూమి తరగతి కూడా రాసి ఉంటుంది. నివాస స్థలమైతే ‘బాస్తు’ అని ఉండాలి. 40 ఏళ్ల కిందట చౌకగా దొరికిందని కొన్న స్థలం రికార్డులో ఇంకా సాగుభూమిగానే ఉండిపోయి ఉంటే, బ్యాంకు అప్పుతో కొనేవాడు అక్కడే ఆగిపోతాడు.

పేరు మార్పు మరో తిరకాసు. బెంగాల్‌లో అది రెండు చోట్ల జరగాలి. బ్లాకు భూమి, భూసంస్కరణల అధికారి దగ్గర ఒకటి, మున్సిపాలిటీలో ఒకటి. ఇంటిపన్ను తన పేరునే కడుతున్నాను కదా, అన్నీ సరిగ్గానే ఉన్నాయనుకునే పెద్దమనిషి పర్చాలో ఇంకా పాత యజమాని పేరే ఉంటుంది. తండ్రి పోయిన ఇళ్లలో వారసుల ముచ్చట వస్తుంది. ఇక్కడ ఒక అపోహ ఉంది. బెంగాల్‌లో పుట్టి పెరిగాం కాబట్టి మనకూ దాయభాగమే అని కొందరు దళారులు తేల్చేస్తారు. వలస వెళ్లిన హిందూ కుటుంబం తన ధర్మశాస్త్రాన్ని వెంట తీసుకువెళ్తుందన్నది కోర్టులు ఏనాడో ఒప్పుకున్న సూత్రం. వదులుకున్నట్టు రుజువైతే తప్ప తెలుగు కుటుంబానికి మితాక్షరమే వర్తిస్తుంది. ఎటు తిరిగినా, తండ్రి సొంత సంపాదనతో కొని వీలునామా రాయకుండా పోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. తండ్రి తల్లి బతికి ఉంటే ఆమెకు కూడా. పెళ్లయి వెళ్లిన ఆడపిల్ల సంతకం అక్కర్లేదని చెప్పే దళారికి ఈ పని రాదని అర్థం.

కొలతల్లోనూ ఒక చిన్న చిక్కు ఉంది. బేరం కాఠాల్లో సాగుతుంది, పర్చా డెసిమల్‌లో ఉంటుంది, హైదరాబాద్ అల్లుడు గజాల్లో అడుగుతాడు. కాఠా అంటే 720 చదరపు అడుగులు, అంటే 80 గజాలు. డెసిమల్ అంటే మన సెంటే, 435.6 చదరపు అడుగులు. మూడు కాఠాలంటే 240 గజాలు, సుమారు 5 సెంట్లు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించినవాడితో మాట్లాడటం సుఖం.

ఖరగ్‌పూర్‌కే ప్రత్యేకమైన ప్రమాదం ఇంకొకటి ఉంది. పట్టణంలో పెద్ద భాగం రైల్వే భూమి. దాని మీద దుకాణాలున్నాయి, గుడిసెలున్నాయి, తరాలుగా కాపురాలున్నాయి. ‘పొజిషన్ అమ్మకం’ అనే మాట దళారుల నోట వినబడుతుంది. స్టాంపు కాగితం మీద నోటరీ చేయించి చేతులు మార్చటం. అది ఇల్లు అమ్మటం కాదు. కూర్చున్న చోటు నుంచి లేచి ఇంకొకరిని కూర్చోబెట్టటం. రైల్వే నోటీసు ఇచ్చిన రోజున కొన్నవాడు నేరుగా అమ్మినవాడి దగ్గరికే వస్తాడు. సొంత పట్టా ఇల్లు అమ్ముకునేవారు ఇలాంటి బేరాలు చేసే దళారిని పెట్టుకుంటే, అతని పేరు చూసే మంచి గిరాకీ దూరంగా జరుగుతుంది.

‘ప్రభుత్వ లైసెన్సు ఉన్నవాడిని పెట్టుకుంటే సరిపోదా?’ అని చదువుకున్న పిల్లలు ఫోనులో అడుగుతారు. మంచి ప్రశ్నే. జవాబే అంత బాగుండదు. 2016 నాటి కేంద్ర రియల్ ఎస్టేట్ చట్టం, అందరూ రెరా అనేది, ఏజెంట్లు నమోదు కావాలంది. పశ్చిమ బెంగాల్ అది వద్దని 2017లో సొంత చట్టం చేసుకుంది. 2021 మే 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత రాష్ట్రంలో రెరా వచ్చింది. అయితే చట్టంలోని 9వ సెక్షన్ జాగ్రత్తగా చదివితే, ఏజెంటు నమోదు తప్పనిసరి అన్నది రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లో బిల్డరు అమ్మే ఫ్లాట్లు, ప్లాట్ల విషయంలోనే. రిటైరైన ఫిట్టరు తన పాత ఇల్లు అమ్ముకుంటే మధ్యనున్న దళారి ఆ లెక్కలోకి రాడు. రెరా నంబరు ఉన్నవాడు కనీసం ఒక చిరునామా ఉన్నవాడని అర్థం. అంతకుమించి రక్షణ ఉందనుకోవటం పొరపాటు.

ఇంగ్లండ్‌లో 1979 నుంచి చట్టం ఉంది. ఏజెంటు తన ఫీజు ఎంతో ముందే చెప్పాలి, ఆ ఇంటి మీద తనకు సొంత ఆసక్తి ఉంటే బయటపెట్టాలి. అమెరికాలో కమిషన్ల మీద కేసులు నడిచి, 2024 మార్చిలో అక్కడి రియల్టర్ల జాతీయ సంఘం 41.8 కోట్ల డాలర్లు కట్టటానికి ఒప్పుకుంది. ఆ ఏడాది ఆగస్టు నుంచి, కొనేవారి తరఫు ఏజెంటు ఇల్లు చూపించటానికి ముందే రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. ఇక్కడ పాత ఇల్లు అమ్ముకునేవారికి అలాంటివేవీ లేవు. ఇద్దరి మధ్య రాసుకున్న కాగితమే చట్టం.

ఆ కాగితం పేరు చెబితే మనవాడి మొహం మాడుతుంది. ‘మన మధ్య రాతకోతలేమిటి బాబాయ్?’ ఈ ఒక్క మాట దగ్గరే చాలామంది పెద్దవాళ్లు వెనక్కి తగ్గుతారు. తగ్గక్కర్లేదు. ఒక పేజీ చాలు. ఇంతకు తక్కువైతే అడక్కుండా ఒప్పుకోకూడదని, కమిషన్ ఇంత శాతమని, అది రిజిస్ట్రేషన్ రోజున మాత్రమే ఇస్తామని, కొనేవారి దగ్గర కూడా తీసుకుంటుంటే ఆ సంగతి చెప్పాలని. వేరే ఒప్పందం లేకపోతే పని పూర్తయ్యాకే ఏజెంటు ప్రతిఫలానికి హక్కుదారుడని కాంట్రాక్టు చట్టం 219వ సెక్షన్ ఎలాగూ అంటోంది. 220వ సెక్షన్ ప్రకారం, తప్పు చేసిన ఏజెంటుకు ఆ తప్పు జరిగిన పని మేరకు ఏమీ దక్కదు. అయినా కాగితం మీద ఉంటే సెక్షన్లు గుర్తు చేయవలసిన పని ఉండదు.

గడువు కూడా రాయాలి. ఒక్కడికే ఇచ్చేటట్లయితే రెండు నెలలో మూడు నెలలో. ఊళ్లోని దళారులందరికీ చెబితే ఇల్లు త్వరగా పోతుందన్న నమ్మకం ఉంది కానీ జరిగేది తరచుగా వేరు. ఒకే ఇంటికి ఐదుగురు ఐదు ధరలు చెబుతారు. కొనేవాడు అతి తక్కువ చెప్పినవాడి దగ్గరికి వెళ్తాడు. నెల తిరిగేసరికి ఆ ఇంటికి ఏదో లోపం ఉందనే మాట పుడుతుంది.

కాగితంలో ఉండకూడనివి కూడా ఉన్నాయి. బయానా తీసుకునే అధికారం దళారికి ఇవ్వకూడదు. అసలు దస్తావేజులు అతని చేతికి పోకూడదు, జిరాక్సులు చాలు. ముక్తియారునామా అసలే వద్దు. పిల్లలు అమెరికాలో ఉన్నారు, వచ్చి సంతకాలు చేయలేరు కాబట్టి పవర్ ఆఫ్ అటార్నీ నా పేర రాయండి అని అడిగే దళారిని అక్కడికక్కడే మార్చెయ్యాలి. అలాంటి అధికారం ఇవ్వవలసి వస్తే సొంత మనిషికి, ఈ ఒక్క ఇంటికే, రిజిస్టరు చేసి ఇవ్వాలి. అటార్నీ కాగితాలతోనే ఇళ్లు చేతులు మార్చే అలవాటును 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తప్పుబట్టింది. రిజిస్టరైన విక్రయ దస్తావేజు లేకుండా హక్కు బదిలీ కాదని తేల్చింది.

మనవాడితో ఇంకో నష్టం ఉంది. దీన్ని ఎవరూ నష్టంగా లెక్కపెట్టరు. అతనికి తెలిసిన కొనుగోలుదార్లు కూడా మనవాళ్లే. ఖరగ్‌పూర్‌లో బెంగాలీలు, ఒడియాలు, మార్వాడీలు, గుజరాతీలు, బిహారీలు అందరూ ఉన్నారు. 1951లో వచ్చిన ఐఐటీ, రైల్వే ఉద్యోగులు, పక్క పల్లెల నుంచి పిల్లల చదువులకు పట్నం చేరే కుటుంబాలు, వీళ్లంతా ఇల్లు వెతుక్కునేవాళ్లే. తెలుగు దళారి తన తెలుగు ఫోను పుస్తకంలోనే ఆ ఇంటిని తిప్పితే ధర పెంచే పోటీ పుట్టదు. బెంగాలీ దళారి ‘మాసీమా’ అని పిలిస్తే పెద్దావిడకు పరాయిగా తోచవచ్చు. కానీ ఇల్లు కొనేది ఎవరో అతనికి తెలిసి ఉండవచ్చు. పంచాంగాలు కూడా వేరు మరి. ఆషాఢంలో తెలుగువాడు ఇల్లు చూడడు. బెంగాలీ పౌషంలో చూడడు, చైత్రంలోనూ వెనకాడతాడు. మనకు ఉగాది తెచ్చే చైత్రం వాళ్లకు ఏడాది చివరి నెల, శుభకార్యాలకు పనికిరానిది. ఒక్క జాతి గిరాకీనే నమ్ముకున్నవాడు ఆ నెలంతా ఖాళీగా కూర్చుని, బజారు పడిపోయిందని చెబుతాడు.

పిల్లలు సెలవు పెట్టి పది రోజుల్లో అమ్మేసి పోదామని వచ్చే ఇళ్లలో మరీ కష్టం. తిరుగు ప్రయాణం టికెట్ తేదీ దళారికి తెలిసిందంటే బేరం అతని చేతుల్లోకి పోయినట్టే. తొమ్మిదో రోజు దాకా ఒక్క గట్టి బేరం రాదు. తొమ్మిదో రోజు రాత్రి వస్తుంది, అడిగినదానికి 5 లక్షలు తక్కువకు. అదీ దసరా సెలవుల్లో వస్తే మరీ అన్యాయం. పూజల రోజుల్లో బెంగాల్‌లో ప్రభుత్వ కార్యాలయాలు తెరుచుకోవు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో స్థలం వివరాలిస్తే ప్రభుత్వ మార్కెట్ విలువ ఎంతో చూపిస్తుంది. రైలెక్కక ముందే అది చూసుకుంటే బేరానికి ఒక కింది మెట్టయినా దొరుకుతుంది. అసలు ధర దానికన్నా ఎక్కువ ఉండవచ్చు, కానీ దానికంటే తక్కువకు అమ్మమనే సలహాకు కారణం చెప్పాల్సిన బాధ్యత దళారిదే.

మరి మంచివాడు ఎక్కడ దొరుకుతాడు? దళారులను దళారుల గురించి అడిగితే లాభం లేదు. రిజిస్ట్రేషన్ కార్యాలయం దగ్గర దస్తావేజులు రాసే ముహురీకి తెలుసు, ఎవరి బేరాలు చివరిదాకా వస్తాయో, ఎవరివి మధ్యలో కొట్లాటలో ముగుస్తాయో. ఇంటి అప్పులు చూసే బ్యాంకు అధికారికి తెలుసు, ఎవరు తెచ్చిన కాగితాలు తిరిగి పంపవలసి వచ్చిందో. ఇద్దరూ చెప్పిన పేర్లలో కలిసిన ఇద్దరు ముగ్గురితో మాట్లాడి, ఈ మధ్య అమ్మిన మూడు ఇళ్ల పేర్లు అడగాలి. చెప్పాక ఊరుకోకుండా ఆ ఇళ్ల పాత యజమానులకు ఫోను చేయాలి. ఒక్కటే ప్రశ్న: మొదట చెప్పిన ధర ఎంత, చివరకు చేతికొచ్చింది ఎంత? మాట తడబడితే చాలు.

డబ్బు విషయంలో క్లుప్తంగా రెండు మాటలు. సగం తెల్లగా, సగం నల్లగా అని మొదలుపెట్టే దళారి అమ్మేవారినే ఇరికిస్తాడు. 2015 జూన్ 1 నుంచి స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారు 1 శాతం పన్ను పట్టుకుని కడతారు. అమ్మేవారిలో ఎవరైనా ప్రవాసి అయితే వారి వాటాకు ఆ లెక్క వర్తించదు, కోత చాలా ఎక్కువ. ఈ సంగతి చివరి రోజున బయటపడితే బేరమే చెడుతుంది. దళారికి ఇచ్చే కమిషన్ బ్యాంకు ద్వారా ఇచ్చి రసీదు తీసుకుంటే మూలధన లాభం లెక్కలో దాన్ని ఖర్చుగా చూపుకోవచ్చు. రసీదు ఇవ్వననేవాడు ఆ ప్రయోజనం పోగొడతాడు.

దళారుల వైపు కూడా ఒక ఫిర్యాదు ఉంది, అది అబద్ధం కాదు. ఇరవై మందిని తిప్పి, ఎండలో నిలబడి, కాగితాలు సరిచేయించి ఒకడిని తెస్తారు. ఆ కొనేవాడు, ఇంటివారు రెండో రోజు ఫోన్లో మాట్లాడుకుని తామే ముగించేస్తారు. కమిషన్ అడిగితే ‘మాకు ముందే పరిచయం’ అంటారు. అలా రెండుసార్లు దెబ్బతిన్నవాడు మూడో ఇంటికి శ్రద్ధగా పనిచేయడు, ముందే ఏదో కొంత గుంజుకోవాలని చూస్తాడు. ఒక పేజీ కాగితం అతన్ని కూడా కాపాడుతుంది. తాను చూపించినవారి పేర్లు వరసగా రాసి సంతకం పెట్టించుకుంటే, వారిలో ఎవరు కొన్నా అతని కమిషన్‌కు ఢోకా ఉండదు. పనివాడైన దళారి ఈ కాగితాన్ని తానే రాసి పట్టుకొస్తాడు, ఇంగ్లీషులో ఒకటి, బెంగాలీలో ఒకటి. రిజిస్ట్రేషన్ అయిపోయాక కరెంటు మీటరు, మున్సిపాలిటీ హోల్డింగు కొత్తవారి పేరుకు మారేదాకా ఎవరు తిరగాలో కూడా అందులోనే రాసుకుంటే, కోరమండల్ ఎక్కి వెళ్లిపోయిన పెద్దాయనకు ఆర్నెల్ల తర్వాత పాత ఇంటి బకాయి బిల్లు గురించి ఫోను రాదు.